మూగజీవాల సేవ, పెంపకం – షరీఅత్ హద్దులు

హైదరాబాదులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. కళాశాల సేవా కార్యక్రమంలో భాగంగా ఆమె ప్రతి ఆదివారం ఒక జంతు సంరక్షణ కేంద్రానికి వెళ్తోంది. గిన్నెలు కడగడం, కుక్కలకు అన్నం పెట్టడం, పిల్లుల గూళ్లు శుభ్రం చేయడం, కట్టు కట్టేటప్పుడు జంతువును పట్టుకోవడం ఆమె పనులు. అక్కడ ప్రమాదంలో ఒక కాలు పోగొట్టుకున్న కుక్కపిల్ల ఉంది. దాన్ని ఎవరైనా దత్తత తీసుకోవచ్చని కేంద్రం వారు చెప్పారు. ఇంట్లో ఆ మాట ఎత్తగానే అబ్బాజాన్ మండిపడ్డారు. కుక్క ఉన్న ఇంట్లోకి దైవదూతలు రారని, ఇకమీదట ఆ చోటికే వెళ్లవద్దని అన్నారు. దాదీమా ఆమె దుస్తులను విడిగా పెట్టించారు. తోటి విద్యార్థినులేమో మీ మతానికి కుక్కలంటే పగ కదా అని ఎత్తిపొడిచారట. ఇంతకీ నేను చేస్తున్నది పుణ్యమా, పాపమా అని ఆ అమ్మాయి అడిగింది.

ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. నేడు మన పిల్లలు చదివే విద్యాసంస్థల్లో ఇలాంటి సేవాకార్యక్రమాలు మామూలైపోయాయి. పిల్లలు దయతో ఒక పని చేసి ఇంటికి వచ్చినప్పుడు మనం ధర్మం పేరుతో కసురుకుంటే, ధర్మానికీ దయకూ పొత్తు కుదరదన్న అభిప్రాయం వారి మనసులో నాటుకుంటుంది. అలాగని పిల్లల ముచ్చట కోసం హదీసును పక్కన పెట్టడానికీ వీల్లేదు. ఆ తండ్రిగారు చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్నదే. అయితే కుక్కకు సేవ చేయడం వేరు, దాని ఎంగిలి అశుద్ధం కావడం వేరు, దాన్ని ఇంట్లో పెంచుకోవడం వేరు. మన ఇళ్లల్లో ఈ మూడింటినీ ఒకే మూటగా కట్టేస్తారు. అక్కడే చిక్కంతా.

దాహంతో ఉన్న కుక్క

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం మనలో చాలామందికి తెలుసు. దారిన పోతున్న ఒకతనికి విపరీతమైన దాహం వేసింది. బావిలోకి దిగి నీళ్లు తాగి పైకి వచ్చాడు. చూస్తే ఒక కుక్క దాహానికి తాళలేక తడిమట్టి నాకుతోంది. ఇంతకుముందు నేను పడిన బాధే ఇదీ పడుతోంది కదా అనుకున్నాడు. మళ్లీ బావిలోకి దిగి, తన తోలుమేజోడులో నీళ్లు నింపుకొని, దాన్ని నోట కరచుకొని పైకి ఎక్కి కుక్క దాహం తీర్చాడు. అల్లాహ్ అతని పనిని ఆదరించి అతణ్ణి క్షమించాడు. పశువుల విషయంలోనూ మాకు పుణ్యం ఉందా అని సహాబాలు అడిగితే, ప్రాణమున్న ప్రతి జీవి విషయంలోనూ పుణ్యం ఉందని దైవప్రవక్త (స) తెలియజేశారు (బుఖారీ, ముస్లిం).

ఈ హదీసును మనం ప్రసంగాల్లో వింటాం, కళ్లు చెమర్చుకుంటాం, మరచిపోతాం. కాస్త ఆగి ఆలోచించండి. ఆ కుక్క ఎవరిదో కాదు. వేటకుక్క అనిగానీ, మందను కాచే కుక్క అనిగానీ హదీసులో లేదు. దిక్కులేని వీధికుక్క లాంటిదే. ఆ మనిషి దూరం నుంచి జాలిపడి ఊరుకోలేదు. అలసిన శరీరంతో రెండోసారి బావిలోకి దిగాడు, కాలి తోలుమేజోడును నోట పట్టుకున్నాడు. కుక్క ఆ మేజోడులోంచే తాగిందా, అతను నీటిని వేరేచోట పోశాడా అన్నది హదీసు వ్యాఖ్యాతలు చర్చించారు. ఎందుకంటే కుక్క ఎంగిలి విషయంలో ఫిఖ్‌హ్ తీర్పు ఉంది. ఏ జీవి మూతి పెట్టిన గిన్నెను ఏడుసార్లు కడగమన్నారో, ఆ జీవికే నీళ్లు పోసినందుకు క్షమాపణ లభించింది. రెండూ ఒకే ప్రవక్త (స) నోట వచ్చిన మాటలే. అశుద్ధం అన్న తీర్పు మన నమాజు కోసం ఉంది. ఆ జీవిని హింసించడానికి, ఆకలితో మాడ్చడానికి అది అనుమతి పత్రం కాదు.

కనుక ఆ అమ్మాయి అన్నం పెట్టడం, గాయం కడగడం, మందు వేయడం నిస్సందేహంగా పుణ్యకార్యాలే, సంకల్పం అల్లాహ్ ప్రసన్నత కోసమైతే. అది ముస్లిమేతరులు నడిపే సంస్థ కదా అని కొందరు అంటారు. పుణ్యకార్యాల్లో పరస్పరం సహకరించుకోవాలని అల్‌మాయిదా సూరా 2వ ఆయతులో ఆదేశం ఉంది. మన రాష్ట్రాల్లో ఈ పని చాలాకాలంగా జరుగుతోంది. అక్కినేని అమల 1992లో హైదరాబాదులో బ్లూక్రాస్‌ను నెలకొల్పారు. నిజానికి ఇందులో మనమే ముందుండాల్సింది. డమాస్కస్‌లో ముసలివై పనికిరాకుండా పోయిన గుర్రాలు చనిపోయేదాకా మేయడానికి ఒక పచ్చికబయలును వక్ఫ్ చేశారని సిరియా పండితుడు ముస్తఫా అస్సిబాయీ రాశారు. హిజ్రీ 660లో మరణించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ ఇబ్నె అబ్దుస్సలామ్ తమ 'ఖవాయిదుల్ అహ్కామ్' గ్రంథంలో పశువుకు యజమానిపై గల హక్కులను వివరిస్తూ, ముసలితనం వల్లో రోగం వల్లో దానితో ఏ ప్రయోజనం లేకపోయినా దాని పోషణ ఖర్చు భరించాలని పేర్కొన్నారు. దానిపై మోయలేని బరువు వేయరాదు, దానికి హాని చేసే జంతువుతో కలిపి ఉంచరాదు అని కూడా రాశారు. నేటి సంరక్షణ కేంద్రాల గోడలమీద రాసి ఉండే నియమాలు ఇవే కదా!

దుస్తులు, నమాజు

దాదీమా ఆందోళనకు ఫిఖ్‌హ్ ఇచ్చే జవాబు సులభమైనదే. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మజ్‌హబ్‌లో ప్రాధాన్యం పొందిన అభిప్రాయం ప్రకారం కుక్క శరీరం స్వతహాగా అశుద్ధం కాదు, దాని లాలాజలం అశుద్ధం. కాబట్టి పొడిగా ఉన్న కుక్క ఒళ్లు దుస్తులకు తగిలినంత మాత్రాన దుస్తులు అపవిత్రం కావు. చొంగ అంటితే ఆ చోటు కడుక్కోవాలి. షాఫయీ మజ్‌హబ్‌లో కుక్క మొత్తం అశుద్ధమే, ఇమామ్ మాలిక్ (రహ్మ) వద్ద తీర్పు ఇంకా తేలిక. కుక్క మూతిపెట్టిన పాత్రను ఏడుసార్లు కడగాలని, అందులో ఒకసారి మట్టితో కడగాలని హదీసులో ఉంది (ముస్లిం). హనఫీల వద్ద మూడుసార్లు తప్పనిసరి, ఏడుసార్లు ఉత్తమం. కుక్కను తాకితే వుజూ పోతుందనే మాట మన ఇళ్లల్లో బాగా వినిపిస్తుంది. దానికి ఆధారం లేదు. అశుద్ధం అంటిన చోటు కడగాలి అంతే, వుజూ మిగిలే ఉంటుంది.

ఆచరణలో చేయాల్సింది ఇంతే. కేంద్రానికి ఒక జత దుస్తులు, చెప్పులు విడిగా పెట్టుకోవాలి. నమాజుకు శుభ్రమైన దుస్తులు, చిన్న జానిమాజ్ వెంట తీసుకెళ్లాలి. పనిలో పడి జుహ్ర్ దాటబెట్టరాదు. ఆడపిల్లలు తోడుతో వెళ్లాలి, పర్దా నియమాలు పాటించగల చోటును ఎంచుకోవాలి. ఇంకో మాట. అక్కడ పనిచేసేవారు ముందుగానే రేబిస్ నివారణ టీకా వేయించుకోవడం మంచిది. కుక్కగానీ పిల్లిగానీ కరిచినా, గీరినా ఆ చోటును సబ్బుతో ధారగా పారే నీటికింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, సున్నం, కారం అద్దడం, మంత్రించిన నీళ్లతో సరిపెట్టుకోవడం ప్రాణాంతకం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక రోగి బతకడం దాదాపు అసాధ్యం. దువా చేయండి, టీకా కూడా వేయించండి.

ఆ కుక్కపిల్లను ఇంటికి తేవచ్చా?

ఇక్కడ తండ్రిగారి పక్షమే బలమైనది. వేటకో, పొలానికో, పశువుల మందకో తప్ప కుక్కను పెంచేవాని పుణ్యఫలంలోంచి ప్రతిరోజూ ఒక ఖీరాతు తగ్గిపోతుందని, కొన్ని ఉల్లేఖనాల్లో రెండు ఖీరాతులని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). ఈ అవసరాలమీద ఖియాస్ చేసి ఇల్లు, ఆస్తి కాపలాకు కూడా పండితులు అనుమతించారు. అంధులకు దారిచూపే కుక్కల విషయంలోనూ నేటి పండితులు ఇలాంటి అనుమతే ఇచ్చారు. అయితే అపార్ట్‌మెంటులో రెండు గదుల ఇంట్లో, సోఫామీద, మంచంమీద ముద్దుకోసం పెంచుకోవడం ఈ అనుమతుల్లో దేనికిందికీ రాదు.

అయితే ఆ కుక్కపిల్లకు ఆమె చేయగలిగింది ఏమీ లేదని కాదు. మన బంధువుల్లో గొర్రెలు, మేకలు పెంచేవారున్నారు, మామిడితోటలు, పౌల్ట్రీలు ఉన్నవారున్నారు. కాపలాకు కుక్క అవసరమైనవారు ఆరోగ్యంగా ఉన్న కుక్కను కేంద్రం నుంచి తెచ్చుకుంటే ఒక ప్రాణికి నీడ దొరుకుతుంది, వారికి షరీఅత్ అనుమతి కూడా ఉంది. మూడు కాళ్లదైనా అపరిచితుడు వస్తే మొరుగుతుంది కదా! ఖుర్ఆన్‌లో గుహవాసుల వెంట ఉన్న కుక్క ప్రస్తావన ఉంది. అది గుహ వాకిట ముందుకాళ్లు చాచి ఉన్నదని అల్‌కహఫ్ సూరా 18వ ఆయతు తెలుపుతుంది. దాని చోటు వాకిలి. ఆ పుణ్యాత్ములు దాన్ని తరిమేయలేదన్నది కూడా మనం గమనించాలి.

వీధికుక్కల గురించి కూడా రెండు ముక్కలు చెప్పక తప్పదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుణ్ణి వీధికుక్కలు చంపేశాయి. ఆ దృశ్యాలు చూసినవారెవరూ మరచిపోలేరు. కుక్కమీద దయ పేరుతో ఇరుకు గల్లీలో, మసీదు మెట్లదగ్గర, బడి గేటు ముందు మాంసం ముక్కలు వేయడం పొరుగువారి హక్కుకు భంగం. వీధికుక్కల విషయమై సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో, అన్నం పెట్టడానికి ప్రత్యేకమైన చోట్లు కేటాయించాలని చెప్పింది. జంతుప్రేమికులు దరఖాస్తు పెట్టుకొని వీధికుక్కను దత్తత తీసుకోవచ్చని, కానీ అది తిరిగి వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వారిదేనని కూడా పేర్కొంది. ఈ చివరి మాట నాకు చాలా నచ్చింది. తెచ్చుకున్నవాడే జవాబుదారుడు.

పిల్లి కథ

ఆ విద్యార్థినికి నా సలహా ఏమిటంటే, ఇంటికి ఒక ప్రాణిని తేవాలనే ఉంటే అదే కేంద్రంలో పిల్లులున్నాయి. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ చేసుకోబోతుండగా ఒక పిల్లి వచ్చింది. ఆయన దానికోసం నీళ్లపాత్రను వంచిపట్టారు. నీళ్లు తెచ్చిపెట్టిన కోడలు కబ్షా ఆశ్చర్యంగా చూస్తుంటే, పిల్లి అశుద్ధం కాదని, అది మీ చుట్టూ తిరుగాడే వాటిలో ఒకటని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి ఆమెకు తెలియజేశారు (అబూదావూద్, తిర్మిజీ). వేరే నీళ్లుంటే పిల్లి ఎంగిలినీటిని వాడకపోవడం మేలని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. ఇక హజ్రత్ అబూ హురైరా (రజి)కి ఆ పేరు వచ్చిందే ఒక పిల్లికూన వల్ల. ఇంటివారి మేకలు కాసేటప్పుడు పగలు దానితో ఆడుకునేవారు, రాత్రి చెట్టుమీద ఉంచేవారు (తిర్మిజీ).

ఇంతటి అనుమతి ఉన్న పిల్లి విషయంలోనే ఒక స్త్రీ నరకానికి వెళ్లింది. ఆమె పిల్లిని బంధించింది, తిండి పెట్టలేదు, నేలమీది పురుగూపుట్రా తిని బతకడానికి వదలనూలేదు (బుఖారీ, ముస్లిం). ఈ హదీసులో నేరం ఎక్కడ మొదలైందో చూడండి. లోకంలో ఆకలితో ఉన్న ప్రతి పిల్లికీ ఆమె బాధ్యురాలు కాదు. తలుపు మూసి బంధించిన క్షణం నుంచి ఆ ప్రాణి ఉపాధి ఆమె మెడకు చుట్టుకుంది. దత్తత అంటే అదే. వీధిలో తిరిగే జీవిమీద తలుపు వేస్తున్నాం. ఇక అది తన తిండి తాను వెతుక్కోలేదు.

అందుకే కేంద్రం వారు ఫారంలో అన్ని ప్రశ్నలు అడుగుతారు. ఇల్లు సొంతమా, అద్దెదా? అద్దెదైతే యజమాని ఒప్పుకున్నారా? ఇంట్లో అందరికీ ఇష్టమేనా? ఎవరికైనా ఉబ్బసం ఉందా? ఊరెళ్తే ఎవరు చూస్తారు? టీకాలు, వైద్యం ఖర్చు భరించగలరా? కొన్నిచోట్ల ఇల్లు చూసి గానీ ఇవ్వరు. ఒక పిల్లికి ఇంత తతంగమా అని మనవాళ్లు నవ్వుతారు. నా దృష్టిలో ఇవి అమానతుకు సంబంధించిన ప్రశ్నలు. అన్సారీ తోటలో ఒక ఒంటె దైవప్రవక్త (స)ను చూసి కన్నీరు కార్చినప్పుడు, ఆయన దాని యజమాని ఎవరని అడిగి పిలిపించి, నీవు దీన్ని ఆకలితో ఉంచి ఎక్కువ పని చేయిస్తున్నావని ఇది నాతో మొరపెట్టుకుందని చెప్పి, అల్లాహ్‌కు భయపడమని మందలించారు (అబూదావూద్). ఈ ప్రశ్నలను పిల్లను తెచ్చుకున్నాక కాకుండా ముందే వేసుకోవడం మంచిది కదా.

ఈ మధ్య మన ఇళ్లల్లో పర్షియన్ పిల్లుల మోజు పెరిగింది. వేలకు వేలు పోసి కొంటారు. ఆరునెలలకు బొచ్చు రాలుతోందనో, కోడలికి నెల తప్పిందనో వదిలేస్తారు. ఆ బొచ్చుపిల్లి వీధిలో బతకలేదు. కుక్క వెల తీసుకోవడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారని బుఖారీ, ముస్లింలలో, పిల్లి వెలనూ వారించారని హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా ముస్లింలో ఉంది. హనఫీ పండితులు ప్రయోజనం ఉన్న జంతువుల క్రయవిక్రయాలను ధర్మసమ్మతమే అన్నారు, పిల్లి విషయంలో అధికసంఖ్యాక పండితులదీ అదే మాట. అయినా వెల లేకుండా దొరికే దిక్కులేని పిల్లి ఉండగా కొనుక్కోవడం ఎందుకు? కేంద్రం వారు టీకాకు, శస్త్రచికిత్సకు అయిన ఖర్చు అడిగితే అది పిల్లి వెల కాదు, ఇవ్వవచ్చు.

గర్భిణి ఉందని పిల్లిని గెంటేయనక్కరలేదు. పిల్లి మలం ద్వారా కడుపులోని బిడ్డకు హాని చేసే క్రిమి సోకే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ మట్టితొట్టిని ఇంట్లో ఇంకెవరైనా రోజూ శుభ్రం చేయాలి. తల్లి నుంచి మరీ పసికూనను వేరుచేసి తెచ్చుకోరాదు, ఎనిమిది వారాలైనా నిండాలి. పక్షిపిల్లలను సహాబాలు పట్టుకుంటే తల్లిపక్షి తల్లడిల్లడం చూసి, పిల్లలను దానికి తిరిగి ఇచ్చేయమని దైవప్రవక్త (స) ఆజ్ఞాపించారు (అబూదావూద్).

పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్స సృష్టిని మార్చడం కాదా అని కొందరు అడుగుతారు. ప్రయోజనం ఉన్నప్పుడు పశువులకు వంధ్యీకరణ చేయడంలో దోషం లేదని హనఫీ ఫిఖ్‌హ్ గ్రంథం 'హిదాయా'లో ఉంది. దైవప్రవక్త (స) ఖుర్బానీ ఇచ్చిన పొట్టేళ్లు వంధ్యీకరణ చేసినవేనని హదీసులో వచ్చింది. వీధుల్లో ఆకలితో చచ్చే కూనలను తగ్గించడం ప్రయోజనమే. మత్తు ఇచ్చి, వైద్యుడే చేయాలి.

'దత్తత' అన్న మాట వినగానే కొందరు పెద్దలు ఉలిక్కిపడతారు. పెంచుకున్న బిడ్డకు కన్నతండ్రి పేరు తీసేసి మన పేరు పెట్టడాన్ని అల్‌అహ్‌జాబ్ సూరా 4, 5 ఆయతులు రద్దు చేశాయి. అది మానవ వంశానికి, వారసత్వానికి, మహ్రమ్ నియమాలకు సంబంధించిన విషయం. జంతువు విషయంలో ఈ మాటకు పెంపకానికి తీసుకోవడం అనే అర్థం తప్ప వేరే ఏమీ లేదు.

ఇదే సందర్భంలో మన వరండాల్లో వేలాడే 'మియా మిట్టూ' పంజరాలనూ తలచుకోవాలి. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టతో ఆడుకునేవాడని హదీసులో ఉంది, దాన్నిబట్టి పక్షిని పెంచుకోవచ్చని పండితులు అన్నారు. కానీ మన దేశపు రామచిలుకను పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పంజరంలో పుట్టి పెరిగిన చిలుకను ఒక్కసారిగా వదిలేస్తే కాకులపాలవుతుంది. అటవీశాఖకు అప్పగించడమే సరైన దారి.

ఇక ఇంట్లో మాట. తండ్రి వద్దన్నాడు కదా అని ఆ అమ్మాయి మౌనంగా అలగడమో, దొంగచాటుగా వెళ్లడమో చేయరాదు. కుక్కను ఇంటికి తేనని ముందు మాట ఇవ్వాలి. ఆ తరువాత దాహంతో ఉన్న కుక్క హదీసు చదివి వినిపించి, ఒక ఆదివారం ఆయన్నే వెంట రమ్మని అడగాలి. అబ్బాజాన్‌కు నేను చెప్పేది ఒకటే. మీరు చెప్పిన హదీసు ఇంటికి సంబంధించినది. ఆ కేంద్రం మీ ఇల్లు కాదు.

చివరగా, సొమ్ము గురించి కూడా అడిగారు. జకాత్ సొమ్మును జంతు సంరక్షణ కేంద్రానికి ఇస్తే జకాత్ నెరవేరదు. అత్తౌబా సూరా 60వ ఆయతులో పేర్కొన్న ఎనిమిది వర్గాలూ మనుషులకు సంబంధించినవే. నఫిల్ సదఖా మాత్రం నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. డబ్బు లేనివారు పాత దుప్పట్లు, పాత వార్తాపత్రికలు ఇచ్చినా వారికి పనికొస్తాయి. బక్రీదు రోజుల్లో మనం తినని భాగాలను డ్రైనేజీలో, చెత్తకుండీల్లో పడేసి వీధికుక్కలను పోగుచేసే బదులు, ముందురోజే కేంద్రానికి ఫోన్ చేసి వారికి అవసరముందేమో అడగండి. కావాలంటే శుభ్రంగా మూటగట్టి అదే పూట అందజేయండి. మన విందులో మిగిలిన వండిన ఎముకలు మాత్రం పంపకండి. అవి సూదుల్లా విరిగి కుక్కల గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.